గాలిపడవలో తల్లిగింజలు

మెట్టగెడ్డ గాసికి అడగడం రాదు. కూరలో ఉప్పు తక్కువైతే ఉప్పు అడగడు. జీపెక్కితే పక్కవాణ్ణి కాస్త జరగమని అడగడు. అంచున వేలాడుతూ ఘాట్ రోడ్డు మొత్తం దిగిపోతాడు గానీ నోరు మాత్రం విప్పడు. అతని పెళ్ళాం రత్నాలు దానికి సరిగ్గా ఎదురు. మాటకి మాట బాకీ ఉంచుకునే మనిషి కాదు. "నోట్లో నాలిక ఎవులికో అద్దెకిచ్చీసి వచ్చేడు మా మావ" అని సంతలో పదిమంది ముందూ అంటుంది. గాసి నవ్వి ఊరుకుంటాడు. ఇన్నేళ్ళూ ఆ నవ్వుతోనే కాపురం సాగిపోయింది. మొన్న మాఘంలో ఆ నవ్వు ఆగిపోయింది.

ఆగిపోదా మరి? ఊరి తొలిసామ విత్తనం మొత్తం అతని కాపలాలోనే బూజు పట్టిపోయింది.

మెట్టగెడ్డ అరకు లోయకి ఎగువన ఉంది. జీపు దిగాక ఇంకో కొండ ఎక్కాలి. చుట్టుపక్కల ఊళ్ళన్నీ కాఫీకీ మిరియాలకీ మళ్ళిపోయాయి. సామలూ చోళ్ళూ వేసేవాళ్ళు కూడా విత్తనం సంతలోనే కొనుక్కుంటున్నారు. తొలిసామ ఒక్క మెట్టగెడ్డ వాలులోనే మిగిలింది. మిగతా పంటలన్నీ ఇంకా పచ్చగా నిలబడి ఊరిస్తూ ఉంటే, ఇళ్ళల్లో గింజ నిండుకునే భాద్రపదంలో అది కోతకొచ్చేస్తుంది. గింజ మరీ చిన్నది. దంచబోతే రోట్లోంచి ఎగిరి పారిపోతుంది. "ఇంతే ఉన్నావు, నీకు ఇంత పొగరేటి" అని రత్నాలు దంచినప్పుడల్లా తిడుతుంది. తిట్టుకుంటూనే ఆ అంబలి తాగి బతికిన ఊరది. ఇప్పుడు కార్డుమీద బియ్యం వస్తున్నాయి, నిజమే. అయినా తొలిసామ అంబలి పొయ్యెక్కితేనే అక్కడివాళ్ళకి ఏడాది గట్టెక్కినట్టు.

ఆ విత్తనానికి కాపలాదారు గాసి. అతని తండ్రీ తాతా కూడా అదే పని చేశారు. వాళ్ళు విత్తనం దాచిన చోటుకి ఊళ్ళో పేరు గాలిపడవ.

దాని సంగతి కాస్త వివరంగా చెప్పాలి. యుద్ధం రోజుల్లో, గాసి తాత ఇంకా పెళ్ళికాని కుర్రవాడుగా ఉన్నప్పుడు, వానాకాలంలో ఒకనాటి పొద్దున మబ్బులోంచి ఒక విమానం వచ్చి కొండని గుద్దుకుంది. గుడ్డ రెక్కలు కాబట్టి కాలిపోయాయి. లోపలి ఇద్దరు దొరల్నీ మిలటరీవాళ్ళు వచ్చి మోసుకుపోయారు. ఇంజను కూడా పట్టుకుపోయారు. కింద గెడ్డ నీళ్ళలోకి దొర్లిపోయిన విమానం కాలొకటి మాత్రం వదిలేశారు. అది నీళ్ళమీద వాలే విమానం. చక్రాలుండాల్సిన చోట దానికి రెండు పొడుగాటి సత్తురేకు పడవలుంటాయి. ఆ సంగతి కొండమీద ఎవరికి తెలుస్తుంది? పడవ ఆకాశంలోంచి ఊడిపడిందంటే ఏ దేవతకి కోపం వచ్చిందోనని చాలా రోజులు దాని ఛాయలకే పోలేదు. చివరికి గాసి తాత వెళ్ళి గొడ్డలితో ఒక్కటిచ్చి చూశాడు. సొట్ట పడింది గానీ పగల్లేదు.

లోపల అడ్డుగోడలతో వరసగా గదులున్నాయి. ఒక్కో గదికీ పైన చెయ్యి దూరేంత గుండ్రటి కన్నం, దానికో మరమూత. ఒక గది చిల్లిపడినా మిగతావి మునగకూడదని దొరలు చేసుకున్న ఏర్పాటు అది. నీళ్ళే దూరని చోట ఎలకేం దూరుతుంది, పురుగేం దూరుతుంది? ఊరంతా కలిసి దాన్ని తాళ్ళతో పైకి లాగారు. రాళ్ళమీద కూచోబెట్టి, పైన గడ్డి కప్పి, ఒక్కో గదిలో ఒక్కో విత్తనం పోశారు. ముక్కు దగ్గరి గది తొలిసామకిచ్చారు. ఎండ కాసిన రోజున మూతలు తీసి ఆరనిచ్చేవారు, మబ్బేస్తే బిగించేవారు. ఎనభై ఏళ్ళు ఒక్క గింజ చెడలేదు.

చైత్రంలో, విత్తనం చల్లేముందు, ఇటుకల పండగ వస్తుంది. ఆ రోజు పూజారి పూజ చేశాక విత్తనాల కాపలాదారు మూతలు విప్పి ఇంటింటి బుట్టలోనూ విత్తనం పోస్తాడు. ఎంతమందికి పోసినా తొలిసామ గది అడుగున కుంచెడు గింజలు వదిలెయ్యాలి. వాటిని తల్లిగింజలంటారు. కొత్త పంట వాటిమీదే పోస్తారు. ఇంకో కట్టుబాటు కూడా ఉంది. విత్తనాల పాత్ర ఒకరి చేతిలోంచి ఇంకొకరి చేతిలోకి ఖాళీగా పోకూడదు. తల్లిగింజలతోనే సాగనంపాలి. తీసుకున్నవాళ్ళు మరుసటి పండక్కి ఆ కుంచెడూ తెచ్చి గింజల పుట్టింట్లో దిగబెట్టాలి. ఇచ్చినవాళ్ళు మాత్రం ఆ ఊసెత్తకూడదు. అడిగి తెచ్చుకున్న గింజ మొలవదని అక్కడివాళ్ళ నమ్మకం.

కొండమీద ఈ కట్టుబాటు పసిపిల్లలకి కూడా తెలుసు. అందరికీ తెలుసు కాబట్టే ఎవరూ ఎవరికీ చెప్పక్కర్లేకపోయింది. కొంప మునిగింది అక్కడే.

పోయిన వైశాఖంలో, విత్తనాలు పంచేశాక, హేమలత వచ్చింది. నలభై ఏళ్ళ మనిషి, పట్నంలో చదువుకున్నది. భీమిలి దారిలో ఒక ట్రస్టు తరఫున పాత నీటివిమానాల మ్యూజియం కడుతోంది. వాళ్ళ తాత యుద్ధకాలంలో నడుంలోతు నీళ్ళలో నిలబడి ఆ విమానాల్ని తాళ్ళతో ఒడ్డుకి లాగే కూలీ అట. అలాంటి విమానం ఒకటి మళ్ళీ నిలబెట్టాలని ఆమె ఏళ్ళ తరబడి తిరుగుతోంది. రేకులు ఒకచోట, ఇంజను ఒకచోట దొరికాయి గానీ కాళ్ళు దొరకలేదు. గాసి ఇంట్లో తొలిసామ అంబలి తాగి, గాలిపడవ మీద చెయ్యి వేసి, ఆమె కళ్ళనీళ్ళు పెట్టుకుంది.

"అడగడానికి నోరు రావట్లేదండీ గాసి గారూ. దీన్ని మాకిస్తారా?" అంది.

నోరు రావట్లేదన్న ఆ ఒక్క మాటకి గాసి కరిగిపోయాడు. తన జాతి మనిషే అనుకున్నాడు, పిచ్చి మనిషి.

ఊరు కూచుంది. పూజారి ఫల్గుణ పెద్దమనిషి, తొందరపడి మాట్లాడడు. "అడివిలో దొరికిందానికి దొరికినోడు కాపలాయే గానీ సొంతదారు కాడు. పోగొట్టుకున్నోళ్ళ తాలూకు మనిషి వచ్చి అడిగింది. ఇచ్చీవాలి" అన్నాడు. దానికి ఎదురు చెప్పినవాళ్ళు లేరు. ఊరంతా అప్పటికే విత్తనం చల్లుకున్నారు, కొత్త పంట రానే వస్తుంది. భయపడాల్సిందేముంది? చోళ్ళూ కందులూ ఉన్న గదులు ఖాళీ చేశారు. తొలిసామ గదిలో తల్లిగింజలు అలాగే ఉంచి గాసి మూత బిగించాడు.

రత్నాలు అతన్ని పక్కకి లాగింది. "మావా, గింజల మాట ఆ మేడమ్‌కి సెప్పు. పట్నపోళ్ళకి మన కట్టుబాటు ఏటి తెలుస్తాది?"

"సెప్తే అడిగినట్టే కదేటే."

"అడగందే అమ్మయినా అన్నం ఎట్టదు."

"అన్నం సంగతి ఏరు. ఇది ఇత్తనం" అన్నాడు గాసి.

లారీ కదిలేముందు హేమలత రెండు చేతులూ జోడించి, "వచ్చే పండక్కి తప్పకుండా వస్తానండీ" అంది. గాసి పెళ్ళాం వైపు తిరిగి, విన్నావా అన్నట్టు చూశాడు. పట్నంలో ఆ మాట ఎవరు ఎవరితోనైనా అంటారని, అనేసి మరిచిపోతారని అతనికి తెలీదు. పండక్కి వస్తానందంటే గింజలు తెస్తానందన్నమాటే. ఇంకే అర్థమూ అతని బుర్రకి తట్టలేదు.

ఆమె చెడ్డది కాదు. చెడ్డదైతే కథ చెప్పడం ఎంత సుళువయ్యేదో. నెల తిరక్కుండా, ఎవరూ అడక్కుండానే, విత్తనాలు దాచుకోమని నీలంరంగు ప్లాస్టిక్ డ్రమ్ములు పంపించింది. గట్టి డ్రమ్ములు, బిగుతైన మూతలు. పంట కూడా బాగానే వచ్చింది. కోత అయ్యాక విత్తనం ఆరబెట్టే రోజుల్లో తుఫాను పట్టుకుంది. వారం పాటు సూర్యుడు మొహం చూపించలేదు. అరాకొరా ఆరిన గింజల్ని గాసి డ్రమ్ముల్లో పోసి, ఎలక దూరకూడదని మూతలు బలంకొద్దీ బిగించాడు. సత్తుపడవ ఎండకి కాగి లోపలి చెమ్మని తరిమేసేది. ప్లాస్టిక్ డ్రమ్ము చెమ్మని కడుపులోనే దాచుకుంది. మాఘంలో మూత తీస్తే కుళ్ళిన వాసన గుప్పుమని కొట్టింది. చెయ్యి పెడితే గింజలు ఉండలుకట్టి నల్లగా ఊడొచ్చాయి.

ఇంటింటా దంచుకోగా మిగిలిందేమైనా ఉందేమోనని అడిగారు. తినేవి ఎప్పుడో తినేశారు. విత్తనం మొత్తం గాసి దగ్గరే ఉంటుంది కదా అని ఎవరూ విడిగా దాచలేదు. పై ఊళ్ళకి మనిషిని పంపారు. అక్కడ కాఫీ మొక్కలున్నాయి.

ఊళ్ళో ఒక్కరూ గాసిని పల్లెత్తు మాట అనలేదు. అనుంటే బాగుండేది. వాళ్ళు తిట్టకుండా పక్కనించి తల దించుకుని వెళ్ళిపోతుంటే అతనికి ప్రాణం చచ్చిపోయేది. తిట్టినది రత్నాలు ఒక్కతే. కడుపునిండా తిట్టి, ఏడ్చి, చీరకొంగుతో మొహం తుడుచుకుని, "ఎల్లు" అంది.

"పండక్కి వస్తానంది కదే ఆవిడ."

"వస్తాదో రాదో. గింజలు ఆ పడవలోనే ఉన్నాయి. ఎల్లి అడుగు."

"అడిగిన గింజ మొలవదే."

"అడక్కపోతే అసలు గింజే నేదు కదా మావా. బేగి ఎల్లు."

గాసి నాలుగు రోజులు ఇల్లు కదల్లేదు. అయిదో రోజున తెల్ల చొక్కా వేసుకుని జీపు దగ్గరికి దిగాడు. నడిపే కామేష్ అతన్ని చూసి పక్క సీటు చూపించి, "లోపలికి జరుగు బావా, పడిపోతావు" అన్నాడు. గాసి లోపలికి జరిగి కూచున్నాడు. అరకులో బస్సెక్కి, ఘాట్ దిగి, విశాఖపట్నం చేరి, దారి అడక్కుండానే ఎలాగో హేమలత ఇచ్చి వెళ్ళిన అడ్రసు కాగితం చూపించుకుంటూ మ్యూజియం ముందు నిలబడ్డాడు.

హేమలత అతన్ని చూసి నిజంగానే పరుగెత్తుకొచ్చింది. "మీరొస్తారని కల్లో కూడా అనుకోలేదండీ. రండి, మీ గాలిపడవ చూద్దురుగాని" అని చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకెళ్ళింది.

పెద్ద హాలు. మధ్యలో ఆ విమానం నిలబడి ఉంది. కిందొక రెక్క, పైనొక రెక్క, మధ్యలో కర్రలూ తీగలూ. కింద రెండు పడవలు బూడిదరంగు వేసుకుని తళతళలాడుతున్నాయి. అందులో తమది ఏదో గాసి పోల్చుకోలేకపోయాడు. దగ్గరికి వెళ్ళి తడిమితే ఎడమవైపుదాని పక్కన సొట్ట తగిలింది. తాత గొడ్డలి దెబ్బ. రంగు వేశారు గానీ సొట్ట తియ్యలేదు.

"అది తియ్యొద్దని నేనే చెప్పాను. రెండోది మేం కొత్తగా చేయించింది. ఇదొక్కటే అసలుది" అంది హేమలత.

రెండు పడవల మధ్య, విమానం పొట్ట కింద, చేపలాంటి పొడుగాటి ఇనపముద్ద వేలాడుతోంది. గాసి దాన్ని చూసి ఆగాడు.

"దీన్ని టార్పెడో అంటారండీ. విమానం నీళ్ళకి బాగా కిందుగా వచ్చి దీన్ని వదుల్తుంది. ఇది నీళ్ళలో ఈదుకుంటూ పోయి ఓడని పొడుస్తుంది. ఓడ మునిగిపోతుంది."

"ఓడలో మనుషులుంటారు గదమ్మా."

"ఉంటారు" అంది ఆమె కాస్త తగ్గి. "మీ కొండకొచ్చిన రోజున మాత్రం ఆ విమానం దీన్ని మొయ్యలేదు. కాపలాకి వెళ్ళింది. పొద్దస్తమానం సముద్రం మీద తిరుగుతూ, నీళ్ళ కింద దొంగ ఓడలేమైనా వస్తున్నాయా అని చూడటమే పని. చాలా రోజులు ఏమీ కనబడేది కాదట. తిరిగొస్తూ మబ్బుల్లో దారి తప్పారు."

గాసికి ఆ ఇద్దరు దొరల మీద మొదటిసారి జాలేసింది. పంట మీద మంచె కట్టుకుని పందుల కోసం కళ్ళు కాయలు కాసేలా చూడటం అతనికీ తెలుసు. కాపలా పనే అంత. వెయ్యి రోజులు కాసినదాన్ని ఎవరూ గుర్తుపెట్టుకోరు. తప్పిపోయిన ఒక్క రోజే లెక్కలోకి వస్తుంది.

ఆమె ఏవేవో చూపిస్తూనే ఉంది. టీ తెప్పించింది. గాసి అడగాల్సిన మాట గొంతుదాకా వచ్చి మళ్ళీ కిందకి పోతోంది. చుట్టూ తిప్పి చూద్దామనుకున్నాడు.

"పండగ దగ్గరికొచ్చింది మేడమ్."

"అవునా? ఎప్పుడు?"

చెప్పాడు. ఆమె నుదురు కొట్టుకుంది. "అయ్యో, సరిగ్గా అదే రోజు ఇక్కడ ప్రారంభోత్సవం అండీ. ఈ ఏడు రాలేను. వచ్చే ఏడు తప్పకుండా."

గాసి టీ గ్లాసు కింద పెట్టాడు. పుట్టి బుద్ధెరిగాక ఎప్పుడూ చెయ్యని పని ఇప్పుడు చెయ్యాలి.

"ముక్కు కాడ గదిలో..." అని ఆగాడు. మళ్ళీ కూడదీసుకుని, "గింజలుండాలమ్మా. కుంచెడు" అన్నాడు.

"ఓ, అవా" అంది హేమలత, మొహమంతా వెలిగిపోతూ. "పడేస్తామా అండీ? ఎంత భద్రంగా ఉంచామో రండి."

గాసి ప్రాణం లేచొచ్చింది. గోడవారన అద్దాల పెట్టె ఉంది. లోపల తెల్లటి గుడ్డమీద గాజుపళ్ళెం, పైన చిన్న దీపం, ఆ వెలుతురులో తొలిసామ గింజలు కుప్పగా ఉన్నాయి. రాయీ రప్పా లేదు, పొట్టూ పురుగూ లేదు. అంత ముద్దుగా ఆ గింజల్ని అతను ఎప్పుడూ చూడలేదు. కళ్ళు తుడుచుకుని, ఒక్కసారి అడగడం నేర్చిన మనిషి కాబట్టి ఇక ఆగలేదు. డ్రమ్ములూ తుఫానూ బూజూ మొత్తం చెప్పేశాడు. తల్లిగింజలంటే ఏమిటో చెప్పాడు. పండక్కి వస్తానంటే గింజలు తెస్తారనుకున్నానని కూడా చెప్పాడు.

"అయ్యయ్యో, నాకేం తెలుసండీ. ఇప్పుడే తీసుకెళ్ళిపోండి" అని ఆమె గబగబా తాళం తీసింది. పళ్ళెంలోవి గుడ్డలో పోసి, ఒక్క గింజ కూడా కింద పడకుండా మూట కట్టి అతని చేతిలో పెట్టింది. "అస్సలు పాడవలేదు, చూసుకోండి. పురుగు పట్టకూడదని పెట్టెలో పెట్టేముందే వేడి యంత్రంలో పెట్టించాను. మూడు రోజులు. గుడ్డు లాంటిది ఉన్నా చచ్చిపోతుంది."

గాసి మూట వైపు చూశాడు.

"వేడంటే, ఎంత వేడమ్మా?"

"నీళ్ళు మరిగేంత. అంతకన్నా కాస్త..." అంటూ ఆమె అతని మొహం చూసి ఆగిపోయింది.

"ఏపీసేరా?" అన్నాడు గాసి. మూకుట్లో వేరుసెనగలు వేపుకున్నట్టు వేపేశారా అని అడుగుతున్నాడని అర్థం కావడానికి ఆమెకి కాసేపు పట్టింది. అర్థమయ్యాక అక్కడే, నేలమీదే, కూలబడిపోయింది. చదువుకున్న మనిషి. వేపిన గింజ మొలవదని ఆమెకి ఎవరూ చెప్పక్కర్లేదు. అవి మళ్ళీ చల్లుకోవాల్సిన విత్తనమని ఎవరైనా చెప్పుంటే చాలిపోయేది.

"ఒక్క మాట చెప్పుండాల్సిందండీ. వెళ్ళేటప్పుడు ఒక్క మాట" అంది ఏడుస్తూ.

నిజమే. పెళ్ళాం చెప్పమనే చెప్పింది. లారీ కదిలేదాకా అతని నాలుకమీదే ఉంది ఆ మాట. పెద్దల కట్టుబాటుని కాపాడుకున్నాననుకుంటూ కట్టుబాటు ఎందుకు పుట్టిందో దాన్నే పోగొట్టుకున్నాడు. అడిగాను కాబట్టే చచ్చిపోయాయేమోనన్న పాత భయం కూడా ఒక పక్క నుంచి గుచ్చింది. కాదు, అడక్కపోవడం వల్లే చచ్చిపోయాయి. ఆ సంగతి అతనికి ఇప్పుడు స్పష్టంగా తెలుసు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఇదే.

"లెగమ్మా" అని ఆమెని లేవదీశాడు. మూట చంకలో పెట్టుకుని బయటికొచ్చేశాడు.

ఇంటికొచ్చాక రత్నాలుకి అంతా చెప్పాడు. ఆవిడ తిట్టలేదు. ఇద్దరూ కలిసి చిటికెడు గింజలు తడిగుడ్డలో చుట్టి కుండ పక్కన పెట్టారు. తెలిసే పెట్టారు. రోజూ పొద్దున్నే విప్పి చూసేవారు. గింజలు తడికి ఉబ్బాయి, మెత్తబడ్డాయి, పులిసిపోయాయి. ఒక్కదానికీ ముక్కు రాలేదు.

పండగ రోజున ఆడవాళ్ళు ఎప్పటిలాగే బుట్టలు తెచ్చుకుని కూచున్నారు. తుఫాను వెళ్ళాక కోసి ఆరబెట్టిన చోళ్ళు పంచారు, కందులు పంచారు. తొలిసామ వంతు వచ్చేసరికి గాసి మూట విప్పి అందరి ముందూ పెట్టి, ఉన్నదున్నట్టు చెప్పాడు. తప్పు ఆ మేడమ్‌దని ఒక్కసారి కూడా అనలేదు. ఫల్గుణ గింజల్ని చేతిలోకి తీసుకుని చాలాసేపు చూశాడు.

"గెడ్డలో కలిపీడమే. సచ్చినోళ్ళని సాగనంపినట్టు" అన్నాడు చివరికి.

"గెడ్డలో ఎందుకు పారీడం?" అంది రత్నాలు. "ఏపిన గింజ ఇత్తనం కాదు, కూడు. కూడు పారీకూడదు. ఇలా తేండి."

మూట లాక్కుని వెళ్ళి రోట్లో పోసింది. ఈసారి దంచుతూ గింజని ఒక్క తిట్టు కూడా తిట్టలేదు. కుంచెడు గింజలు ఊరందరికీ ఏం సరిపోతాయి? నీళ్ళు ఎక్కువ పోసి పల్చటి అంబలి కాచింది. కాస్తున్నప్పుడే ఎవరో కొండెక్కి వస్తున్నారని పిల్లలు కేకేశారు. హేమలత. తన ప్రారంభోత్సవం ఎవరికో అప్పగించేసి వచ్చింది. భుజాన సంచీలో సామ విత్తనాలున్నాయి. నెల రోజులుగా విత్తనాలు దాచే ఆఫీసులన్నీ తిరిగిందట. తొలిసామ ఎక్కడా లేదు. ఇవి దొరికాయి, మామూలు సామలు, కార్తీకంలో పండేవి. ఫల్గుణ కళ్ళకద్దుకుని తీసుకున్నాడు. వాటితో ఆకలి నెలలు గడవవని అక్కడ అందరికీ తెలుసు. ఆమెకీ తెలుసు.

రత్నాలు అడ్డాకు దొప్పల్లో అంబలి పోసి పంచింది. హేమలత దొప్ప పట్టుకుని కూచుంది గానీ నోటి దగ్గరికి తీసుకెళ్ళలేకపోయింది.

గాసి ఆమె పక్కన కూచున్నాడు. "నాను సెప్పనేదు, నువ్వు అడగనేదు. ఇద్దరం ఒకటేనమ్మా. తాగు" అన్నాడు.

ఆమె తాగింది. అతనూ తాగాడు. చప్పబడిపోయి ఉంటుందనుకున్నాడు. చప్పబడితే బాగుండేది. ఎప్పటి రుచే, ఎప్పటి కమ్మదనమే. అతనికి అమ్మ గుర్తొచ్చింది, ఏడుపొచ్చింది. దాచుకోలేదు.

రత్నాలు మనవరాలు, నాలుగేళ్ళ గుంట, దొప్ప అడుగుదాకా నాకేసి అమ్మమ్మ చీర పట్టుకుని లాగింది.

"బాగుందే అమ్మమ్మా. మళ్ళీ ఎప్పుడు కాస్తావు?"

రత్నాలు గరిటె పట్టుకుని అలాగే నిలబడింది. ఆవిడ నోట మాట కోసం ఊరంతా చూసింది. ఆ పిల్ల మళ్ళీ అడిగింది.